స్టెయిన్ వేసిన బల్లకు పైపూత ఎలా వేయాలి

మీరు పైన్ చెక్కతో స్వయంగా చేసుకున్న చదువు బల్లకు, పుస్తకాల అరకు నూనె ఆధారిత వాల్‌నట్ రంగు స్టెయిన్ వేశానని రాశారు. మరునాడు మిగిలిన చెక్కముక్క మీద నీటి ఆధారిత పాలియురెథేన్ (రక్షణ కోసం పైన వేసే పారదర్శకమైన పూత) వేసి చూస్తే కుంచెకు గోధుమరంగు అంటిందని, రెండు రోజుల తరువాత గోటితో గీరితే ఆ పూత పొరలాగా లేచివచ్చిందని చెప్పారు. ఇలా ఎందుకు జరిగింది, బల్లకు ఏ పైపూత మంచిది, ఎన్ని కోట్లు వేయాలి, కోటుకూ కోటుకూ మధ్య ఉప్పుకాగితం పట్టాలా, అసలు ఇవేవీ లేకుండా మైనం రుద్దితే సరిపోదా అన్నవి మీ ప్రశ్నలు. బల్ల మీద కాక విడిముక్క మీద ముందు చూసుకోవడం వల్ల మీకు జరిగిన నష్టం దాదాపు ఏమీ లేదు. బల్ల ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి తొందరపడకుండా ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు స్టెయిన్ అంటే ఏమిటో స్పష్టంగా తెలిస్తే మిగిలినవన్నీ సులువుగా అర్థమవుతాయి. నూనె ఆధారిత స్టెయిన్‌లో సన్నగా నూరిన రంగుపొడి, కొన్నింటిలో కరిగే రంగు కూడా, దాన్ని చెక్కకు పట్టి ఉంచేందుకు కొద్దిపాటి నూనె లేదా వార్నిష్, మిగిలిన భాగమంతా టర్పెంటైన్ వంటి ద్రావకం ఉంటాయి. ద్రావకం ఎగిరిపోయాక మిగిలే నూనె రంగుపొడిని చెక్క రంధ్రాల్లో నిలపడానికి మాత్రమే చాలుతుంది. చెక్క పైన ఒక పొరగా ఏర్పడి నీటిని, మరకను, గీతను ఆపడం దాని పని కాదు. అందుకే స్టెయిన్ ఎంత ముదురుగా వేసినా, ఎన్నిసార్లు వేసినా రక్షణ పెరగదు. పైగా రంగు పొర మందమైనకొద్దీ పైపూత పట్టుకోవడానికి గట్టి ఆధారం తగ్గిపోతుంది. పైపూత చెక్కను పట్టుకోవాలంటే చెక్కకూ పూతకూ మధ్య ఉన్న స్టెయిన్ పూర్తిగా ఆరి ఉండాలి, పలుచగా ఉండాలి. ఇంట్లో చేసుకున్న సామాను మీద పూతలు పాడవడాన్ని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. పైపూత నాసిరకమైనదవడం వల్ల పాడైనవి కొన్నే, ఈ నడిమి పొర సరిగా లేక పాడైనవే ఎక్కువ.

మీ ముక్క మీద జరిగినది సరిగ్గా ఇదే. కుంచెకు రంగు అంటిందంటే స్టెయిన్ ఆరలేదని అర్థం. గోటికి పూత పొరగా లేచిందంటే నీటి ఆధారిత పూత ఆరని నూనె మీద కూర్చుందే తప్ప చెక్కను చేరలేదని అర్థం. దీనికి తోడు, స్టెయిన్ వేశాక మిగులును గుడ్డతో పూర్తిగా తుడిచారో లేదో మీరు రాయలేదు. ముదురు రంగు రావాలని చాలామంది మిగులును అలాగే ఆరనిస్తారు. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక అలమారకు ఇలాగే చేశాను. పైన వార్నిష్ మెరుస్తూ అందంగా వచ్చింది కానీ రెండు నెలలు తిరగకుండానే తలుపు పట్టుకునే చోట పెచ్చులుగా లేచి, పెచ్చుల అడుగున రంగు పొడిపొడిగా వేళ్లకు అంటింది. ఆ అలమార మొత్తాన్ని మళ్లీ చెక్క దాకా గీకవలసి వచ్చింది. స్టెయిన్ వేసిన అయిదు నుంచి పదిహేను నిమిషాల లోపు శుభ్రమైన నూలుగుడ్డతో, గుడ్డకు ఇక రంగు రానంతవరకు తుడవాలి. రంధ్రాలు పెద్దవిగా ఉండే ఓక్ వంటి చెక్కల్లో నూనె గంట తరువాత కూడా బొట్లుబొట్లుగా పైకి ఊరుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ వచ్చి చూసి తుడవాలి. ముదురు రంగు కావాలంటే ముదురు స్టెయిన్ ఎంచుకోవాలి, లేదా మొదటిది ఆరాక రెండోసారి వేసి మళ్లీ తుడవాలి.

బల్ల మీద ఇప్పటికే మిగులు ఆరిపోయి జిగటగా ఉంటే భయపడవలసిన పనిలేదు. గుడ్డను టర్పెంటైన్‌లో తడిపి గట్టిగా రుద్దితే అదనపు రంగు కరిగి వస్తుంది. అది బాగా గట్టిపడి టర్పెంటైన్‌కు లొంగకపోతే, అదే స్టెయిన్‌ను పలుచగా పూసి, అది పాత పొరను కొద్దిగా మెత్తబరిచిన వెంటనే తుడిచేయవచ్చు. రంగు కాస్త లేత అవుతుంది, కానీ సమంగా వస్తుంది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి నేను గడియారం కంటే ముక్కునూ గుడ్డనూ ఎక్కువగా నమ్ముతాను. డబ్బా మీద 24 గంటలు అని రాసి ఉన్నా, ఆ లెక్క సాధారణ వేడిమి, తక్కువ తేమ ఉన్న గదికి వర్తిస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో, గాలి ఆడని గదిలో అదే స్టెయిన్ మూడు రోజులు కూడా తీసుకుంటుంది. చెక్కకు ముక్కును దగ్గరగా పెడితే ద్రావకం వాసన వస్తే అది ఇంకా ఆరుతూనే ఉన్నట్టు. తాకితే చల్లగా అనిపించినా అంతే. వాసన పోయాక తెల్లటి పొడి గుడ్డతో కనబడని చోట గట్టిగా రుద్ది చూడాలి, గుడ్డ తెల్లగానే ఉండాలి. నూనె ఆధారిత స్టెయిన్ మీద నూనె ఆధారిత పూత వేసేటప్పుడు ఈ పరీక్షలు నెగ్గితే చాలు. నీటి ఆధారిత పూత వేసేటప్పుడు మాత్రం, పరీక్షలు నెగ్గినా సరే, నేను 72 గంటలకు తక్కువ కాకుండా ఆగుతాను.

ఇక ఏ పూత అన్న ప్రశ్న. రోజూ మోచేతులు ఆనించి, గ్లాసులు పెట్టి, తడిగుడ్డతో తుడిచే బల్లకు, ముదురు వాల్‌నట్ రంగు మీద, కుంచెతో ఇంట్లో వేసుకునేవారికి నేను మొదట సూచించేది నూనె ఆధారిత పాలియురెథేన్ వార్నిష్. అది మీ స్టెయిన్‌తో ఒకే జాతికి చెందింది కాబట్టి బాగా కలిసిపోతుంది. నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి కుంచె గీతలు వాటంతట అవే సర్దుకునేందుకు సమయం దొరుకుతుంది. గట్టిపడిన తరువాత నీటికి, ఇంట్లో వాడే మామూలు ద్రవాలకు, ఓ మోస్తరు వేడికి తట్టుకుంటుంది. దానికి లేత తేనెరంగు ఛాయ ఉంటుంది, కాలం గడిచినకొద్దీ ఆ ఛాయ కొంచెం పెరుగుతుంది. వాల్‌నట్ రంగు మీద అది వెచ్చగా, లోతుగా కనబడుతుంది కాబట్టి మీకు లాభమే. బూడిదరంగు, తెలుపు వంటి లేత స్టెయిన్ మీద మాత్రం అదే ఛాయ పసుపు పట్టినట్టు కనబడుతుంది. అటువంటి వాటికి నీళ్లలా స్వచ్ఛంగా ఉండిపోయే నీటి ఆధారిత పూతే సరైనది.

మీరు నీటి ఆధారిత పాలియురెథేన్ ఇప్పటికే కొన్నారు కాబట్టి దాన్ని వృథా చేయనక్కరలేదు. అది మంచి పూతే, వాసన తక్కువ, కోటుకూ కోటుకూ మధ్య రెండు మూడు గంటలు చాలు. స్టెయిన్‌కూ దానికీ మధ్య ఒక అడ్డుపొర ఉంటే ఇంకా నమ్మకంగా వేసుకోవచ్చు. అందుకు షెల్లాక్‌ను మించినది నాకు కనబడలేదు. లక్క పురుగులు కొమ్మల మీద స్రవించే బంకను శుద్ధిచేసి రేకులుగా అమ్మేదే షెల్లాక్, దాన్ని స్పిరిట్‌లో కరిగించి వాడతారు. ఆరిన నూనెకూ అంటుకుంటుంది, తన మీద వేసిన దాదాపు ప్రతి పూతనూ అంటించుకుంటుంది, గంట లోపే ఆరుతుంది. అయితే మామూలు లక్కలో సహజంగానే కొన్ని శాతాల మైనం ఉంటుంది. ఆ మైనం ఉన్న పొర మీద పాలియురెథేన్ నిలవదు. కాబట్టి మైనం తీసిన రకాన్నే కొనాలి, లేదా కరిగించిన ద్రావణాన్ని సీసాలో కదపకుండా కొన్ని రోజులు ఉంచి, మైనం అడుగున తెల్లగా పేరుకున్నాక పైన తేరిన భాగాన్ని మాత్రమే వంపుకోవాలి. కరిగించిన లక్క ఎక్కువ కాలం నిలువ ఉంటే ఆరే గుణాన్ని పోగొట్టుకుంటుంది. ఆరు నెలలు దాటిన సీసా అయితే గాజు ముక్క మీద ఒక బొట్టు వేసి చూడండి, కొద్ది గంటల తరువాత కూడా బంకగా ఉంటే పారబోయడమే మంచిది.

మీది పైన్ చెక్క కాబట్టి షెల్లాక్‌తో మరో ఉపయోగం కూడా ఉంది. పైన్‌లో ముడులు ఉన్నచోట జిగురు ఉంటుంది, అది వేడికి మెత్తబడి నెలల తరువాత కూడా పూతలోకి ఊరి, ఆ భాగాన్ని పసుపుగా, జిగటగా మారుస్తుంది. ముడుల మీద ఒకటి రెండు పలుచని షెల్లాక్ పూతలు ఆ జిగురును లోపలే ఆపుతాయి. టేకు, జిట్రేగి జాతి చెక్కలకు సమస్య వేరు. వాటిలో సహజంగా ఉండే నూనెలు, ఇతర పదార్థాలు నూనె ఆధారిత వార్నిష్‌ను ఆరకుండా అడ్డుకుంటాయి. జిట్రేగి జాతి చెక్క మీద వారాల తరబడి ఆరక జిగటగానే ఉండిపోయిన వార్నిష్‌ను నేను కళ్లారా చూశాను. అటువంటి చెక్కలకు కూడా ముందు ఈ అడ్డుపొరే మందు.

పూతల మధ్య పొత్తు విషయంలో ఒకే ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి. అడుగున ఉన్న రంగు ఏ ద్రావకంలో కరుగుతుందో, పైన వేసే పూతలో అదే ద్రావకం ఉంటే, కుంచె కదిలినప్పుడల్లా ఆ రంగు కదులుతుంది. స్పిరిట్‌లో కరిగించిన రంగు మీద కుంచెతో షెల్లాక్ వేస్తే చారికలు పడతాయి. నీటిలో కరిగించిన రంగు మీద నీటి ఆధారిత పూతను పదేపదే రుద్దితే రంగు పైకి వస్తుంది. అటువంటప్పుడు మొదటి కోటును స్ప్రేతో తేలికగా చల్లాలి, లేదా వేరే ద్రావకం ఉన్న అడ్డుపొర పూతను (సీలర్) మధ్యలో వేయాలి. లాకర్ అనే, చాలా త్వరగా ఆరే పూత విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దాన్ని పలుచన చేసే ద్రావకం (థిన్నర్) చాలా చురుకైనది, సరిగా ఆరని నూనె స్టెయిన్‌ను కరిగించి మచ్చలు చేస్తుంది, పాత నూనె వార్నిష్ మీద పడితే దాన్ని ముడతలు పడేలా లేపుతుంది.

లాకర్ గానీ, రెండు డబ్బాలు కలిపి వాడే పీయూ (పాలియురెథేన్) పూత గానీ ఇంట్లో కుంచెతో వేసుకునేవారికి నేను సూచించను. అవి మంచి పూతలు కాకపోవడం వల్ల కాదు. రెండు డబ్బాల పీయూ చాలా గట్టిది, కానీ దాన్ని గట్టిపరిచేందుకు కలిపే రెండో డబ్బాలోని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటి తుంపరను పీల్చితే ఆస్తమా వంటి శ్వాసకోశ జబ్బు రావచ్చు, ఒకసారి శరీరం వాటికి అతిగా స్పందించడం మొదలుపెడితే తరువాత కొంచెం పీల్చినా బాధిస్తుంది. ముక్కుకు కట్టుకునే గుడ్డ, దుమ్ము మాస్కు ఆ ఆవిరిని ఏమాత్రం ఆపవు. తగిన శ్వాసరక్షణ, గాలి బయటకు పోయే ఏర్పాటు ఉన్న పనిచోటు ఉన్నవారికే ఆ పని వదలాలి.

మైనం ఒక్కటే సరిపోతుందా అన్నదానికి సమాధానం, సరిపోదు. మైనం చాలా మెత్తన, వేడి గ్లాసు పెడితేనే మెత్తబడుతుంది, నీటిబొట్టు కాసేపు నిలిస్తే దాని గుండా చెక్కను చేరుతుంది. అంతకంటే ముఖ్యమైన ఇబ్బంది ఏమిటంటే, మైనం రుద్దిన చెక్క మీద తరువాత దాదాపు ఏ పూతా సరిగా అంటుకోదు. దాన్ని తీయాలంటే టర్పెంటైన్‌తో పదేపదే కడగాలి, ఆ పనిలో స్టెయిన్ కూడా కొంత పోతుంది. మైనం ఎప్పుడైనా అన్నిటికంటే చివరి పొరే కావాలి, అది కూడా స్పర్శ నునుపు కోసమే. అవిసె నూనె, టంగ్ చెట్టు గింజల నూనె వంటివి తాకేందుకు ఎంతో హాయిగా ఉంటాయి, బాగుచేయడం కూడా తేలిక. పుస్తకాల అర మీద మీరు అటువంటి పూత వేస్తే నాకు అభ్యంతరం లేదు. చదువు బల్ల పైపలకకు మాత్రం వద్దు.

ఇప్పుడు వేసే పద్ధతికి వద్దాం. ఆ రోజు గదిలో ఊడవడం, చెక్క కోయడం వంటి పనులు పెట్టుకోకండి. దుమ్ము దిగడానికి ముందురోజే తుడిచి వదిలేయండి. గది వేడిమి 20 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉన్న రోజున షెల్లాక్, లాకర్ వేస్తే తేమ పూతలో చిక్కుకుని తెల్లని మసక వస్తుంది, నూనె వార్నిష్ అయితే ఆరడం ఆలస్యమవుతుంది. డబ్బాను ఊపకూడదు, ఊపితే బుడగలు పుట్టి పూతలో నిలిచిపోతాయి. కర్రతో అడుగుదాకా నెమ్మదిగా కలపాలి. కావలసినంత వేరే గిన్నెలోకి సన్నని గుడ్డ గుండా వడగట్టుకుని, మిగిలిన డబ్బాకు మూత వేయాలి. నూనె పూతకు సహజమైన వెంట్రుకల కుంచె, నీటి పూతకు నైలాన్ వంటి కృత్రిమ వెంట్రుకల కుంచె వాడండి, ఎందుకంటే సహజమైన వెంట్రుకలు నీటికి ఉబ్బి మెత్తబడి గీతలు మిగులుస్తాయి.

నూనె వార్నిష్ మొదటి కోటును పది శాతం టర్పెంటైన్‌తో పలుచన చేస్తాను, డబ్బా మీద పలుచన చేయవద్దని రాసి ఉంటే తప్ప. పలుచన చేస్తే లోపలికి దిగుతుందని కొందరు చెబుతారు. నా అనుభవంలో అసలు లాభం వేరు. కుంచె తేలికగా జారుతుంది కాబట్టి స్టెయిన్‌ను రుద్దవలసిన అవసరం ఉండదు. మొదటి కోటులో కుంచె ఒకే చోట రెండు సార్ల కంటే ఎక్కువ తిరగకూడదు. చెక్క చారల వెంబడి నింపుకుంటూ వెళ్లి, ఖాళీ కుంచె కొసతో ఈ చివరనుంచి ఆ చివరకు ఒకసారి తేలికగా లాగి వదిలేయాలి. కొద్ది నిమిషాల తరువాత ఎక్కడో ఒక వెంట్రుకో మరకో కనబడితే చేయి ఆపుకోండి. సగం ఆరిన పూతను కెలికితే పడే మచ్చ, ఆ వెంట్రుక కంటే పెద్దది. ఆరాక ఉప్పుకాగితంతో తీసేయవచ్చు.

ఉప్పుకాగితం విషయంలో మీలాగా స్టెయిన్ వేసినవారు అందరికంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. రంగు వేయని చెక్క మీద కాగితం కాస్త లోతుగా పోయినా ఎవరికీ కనబడదు, స్టెయిన్ మీద పోతే తెల్లని మచ్చ పడుతుంది. స్టెయిన్ మీద నేరుగా కాగితం పట్టనే కూడదు. మొదటి కోటు చాలా పలుచన కాబట్టి దాని మీద వేళ్లతో తడిమి, గరుకు తగిలిన చోట మాత్రమే వాడిన పాత 320 నంబరు కాగితాన్ని ఒకటి రెండు సార్లు ఆనించి వదిలేస్తాను. నీటి ఆధారిత పూత వేస్తే చెక్క పీచు లేచి మొదటి కోటు గరుకుగా వస్తుంది, అక్కడా ఇంతకంటే ఎక్కువ చేయకూడదు. రెండో కోటు ఆరిన తరువాత 320 నంబరుతో అంతటా సమంగా, ముద్ద పట్టకుండా పొడిగా రాలేదాకా, నిగనిగ పోయి మసకగా కనబడేవరకు పట్టవచ్చు. ఈ సన్నని గీతలే తరువాతి కోటుకు పట్టు. పాలియురెథేన్ ఆరాక తన మీద వేసిన కొత్త కోటుతో కరిగి కలవదు, గీతల్లోకి దిగి పట్టుకుంటుంది. షెల్లాక్, లాకర్ మాత్రం కింది కోటును కరిగించుకుని ఒకటైపోతాయి. అందువల్ల వాటికి కాగితం దుమ్ము గింజలు తీయడానికే.

అంచులు, మూలల దగ్గర కాగితం వెనుక చెక్క ముక్క పెట్టకండి, వేళ్లతో కూడా నొక్కకండి. పూత అక్కడ సహజంగానే పలుచగా ఉంటుంది, రంగు మొదట పోయేది అక్కడే. అసలు చెక్కపని దశలోనే మొనతేలిన అంచులను 180 నంబరుతో కొద్దిగా గుండ్రం చేసుకుంటే పూత అంచు మీద నిలుస్తుంది. ఒకవేళ రంగు పోయి చెక్క కనబడితే ఆగిపోండి. గుడ్డ కొసతో అదే స్టెయిన్‌ను ఆ చోట అద్ది, తుడిచి, మళ్లీ పూర్తిగా ఆరనిచ్చి తరువాతి కోటు వేయండి. నీటి ఆధారిత పూతల మధ్య ఇనుప ఉన్ని వాడవద్దు. తెగిన తునకలు పూతలో చిక్కుకుని తుప్పు చుక్కలవుతాయి, టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువగా ఉండే ఓక్ వంటి చెక్కలో అయితే నల్లని మచ్చలు చేస్తాయి.

కోట్ల సంఖ్యకు వస్తే, కుంచెతో వేసే నూనె వార్నిష్ బల్ల పైపలకకు మూడు, కాళ్లకు, అరలకు రెండు చాలు. నీటి ఆధారిత పూత పలుచగా మిగులుతుంది కాబట్టి పైపలకకు నాలుగు వేయండి. కుంచె అలవాటు లేనివారు వార్నిష్‌లో సమానంగా టర్పెంటైన్ కలిపి గుడ్డతో రుద్దే పద్ధతి ఎంచుకోవచ్చు. అందులో గీతలు, కారిన ధారలు రావు. కానీ అలా వేసిన మూడు కోట్లు కుంచెతో వేసిన ఒక కోటుకు సమానమని లెక్కపెట్టుకోండి. ఇంకా మందంగా వేస్తే ఇంకా రక్షణ అనుకోకూడదు. అవసరానికి మించిన మందం చెక్క కదలికకు పగులుతుంది, దెబ్బ తగిలినప్పుడు పెళుసుగా ఊడుతుంది.

బల్ల అడుగుభాగాన్ని వదిలేయవద్దని గట్టిగా చెబుతాను. చెక్క గాలిలోని తేమను బట్టి అడ్డంగా ఉబ్బుతూ కుదించుకుంటూ ఉంటుంది, ఏ పూతా దాన్ని పూర్తిగా ఆపలేదు, నెమ్మదింపజేస్తుంది అంతే. పైన మూడు కోట్లు, కింద పచ్చి చెక్క ఉంటే రెండు ముఖాలూ వేర్వేరు వేగంతో తేమ పీల్చుకోవడం పలక వంకర తిరగడానికి తోడ్పడుతుంది. అడుగున స్టెయిన్ లేకపోయినా పరవాలేదు గానీ, పూత ఉండాలి. అడ్డకోత కనబడే కొసలు చెక్క పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా తేమ తాగుతాయి. వాటికి ఒక కోటు అదనంగా ఇవ్వండి. నేల తడి తగిలే కాళ్ల అడుగులకు కూడా ఇదే వర్తిస్తుంది.

నిగనిగలాడేదా, మసకగా ఉండేదా అన్నది మీ ఇష్టం. మసక రకాల్లో వెలుతురును చెదరగొట్టే సన్నని పొడి కలుపుతారు, అది డబ్బా అడుగుకు చేరుతుంది, అందుకే మధ్యమధ్య కలుపుతూ ఉండాలి. అన్ని కోట్లూ మసక రకంతోనే వేస్తే ముదురు స్టెయిన్ మీద పొగ కమ్మినట్టుంటుంది. మొదటి కోట్లు నిగనిగ రకంతో వేసి, చివరి కోటు ఒక్కటే మసక రకంతో వేస్తే చారలు స్పష్టంగా కనబడతాయి.

ఆరడం వేరు, పూర్తిగా గట్టిపడడం వేరు. చివరి కోటు మరునాటికే చేతికి అంటకపోవచ్చు, కానీ నూనె వార్నిష్ లోపల గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరుపుతూ సుమారు 30 రోజుల దాకా గట్టిపడుతూనే ఉంటుంది, నీటి ఆధారిత పూతకు కూడా మూడు నాలుగు వారాలు పడుతుంది. మూడు రోజుల తరువాత తేలికగా వాడుకోవచ్చు. నెల రోజుల దాకా బరువైనవి, రబ్బరు పాదాలున్న దీపాలు, తడి గ్లాసులు దాని మీద నిలిపి ఉంచకండి, బట్ట పరిచి మూసివేయకండి.

ఇంత రాసి ఒక ప్రమాదం గురించి చెప్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదు. నూనె స్టెయిన్, నూనె వార్నిష్, అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ ఉండగా ఉంటే ఆ వేడి బయటకు పోలేక పెరిగి, ఏ నిప్పూ లేకుండానే కొద్ది గంటల్లో అంటుకోవచ్చు. ఒకసారి పని ముగిసిన మూడు గంటలకు కుప్పగా మిగిలిన గుడ్డలను తీయబోతే మధ్యలో చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. ఆనాటి నుంచి గుడ్డలను ఆరుబయట, ఎండ నేరుగా తగలని చోట, ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా ఆరవేస్తున్నాను. గట్టిగా బిరుసెక్కాకే పారవేస్తాను. ఆరవేసే చోటు లేకపోతే మూత ఉన్న లోహపు డబ్బాలో నీళ్లు పోసి ముంచి ఉంచాలి. గుడ్డల సంగతి చూడనిదే ఆ రోజు పని పూర్తయినట్టు కాదు.

బల్ల కిటికీ పక్కన ఉంటే ఎండ వల్ల రంగు క్రమంగా వెలుస్తుంది, ఇంటిలోపల వాడే పూతలు దాన్ని పెద్దగా ఆపలేవు. రంగుపొడితో చేసిన స్టెయిన్ కరిగే రంగుల కంటే బాగా నిలుస్తుంది. ఆరుబయట పెట్టే సామానుకు ఈ సలహా వర్తించదు, దానికి అతినీలలోహిత కిరణాలను తట్టుకునే వేరే వార్నిష్‌లు ఉన్నాయి, వాటికి కూడా తరచుగా మరో కోటు ఇస్తూ ఉండాలి.

ఇప్పుడు మీరు చేయవలసినది ఇది. బల్ల మీద స్టెయిన్ మిగులు ఉందేమో చూసి తుడిచి, వాసన పోయేదాకా ఆరనివ్వండి. ఈలోగా కొత్త చెక్కముక్క మీద మీరు ఎంచుకున్న వరుసంతా, అంటే స్టెయిన్, కావాలంటే షెల్లాక్, ఆపై పాలియురెథేన్, బల్ల మీద వేయబోయే గడువులతోనే వేయండి. ఒక వారం ఆగి పదునైన చాకుతో అడ్డంగా నిలువుగా గళ్లు గీసి, గట్టిగా అంటుకునే టేపును నొక్కి ఒక్కసారిగా లాగండి. గళ్లు చెక్క మీదే నిలిస్తే బల్ల మొదలుపెట్టవచ్చు. టేపుకు పెచ్చులు అంటి, పెచ్చు వెనుక రంగు కనబడితే స్టెయిన్‌కు మరింత సమయం ఇవ్వాలి. రంగు లేకుండా పూత మాత్రమే వస్తే కోట్ల మధ్య కాగితం చాలలేదని తెలుసుకోండి.

తరువాత శుభ్రతకు కొద్దిగా తడిపిన గుడ్డ చాలు. సిలికాన్ ఉండే మెరుపు స్ప్రేలు వాడకండి. అవి మిగిల్చే జిడ్డు మీద మరోసారి పూత వేస్తే చేపకళ్లలాంటి గుంటలు పడతాయి. చేతులు ఆనే చోట నిగారింపు తగ్గడం మొదలైనప్పుడే, రంగు దాకా అరగకముందే, సబ్బునీటితో తుడిచి, ఆరనిచ్చి, 320 నంబరు కాగితం తేలికగా పట్టి ఒక కోటు వేస్తే బల్ల మళ్లీ కొత్తదవుతుంది. అరిగేదాకా ఆగితే అదే రంగును మళ్లీ కలపడం చాలా కష్టం. అందుకోసం ఇప్పుడు డబ్బాలో మిగిలిన స్టెయిన్‌ను గాలి చోటు లేకుండా చిన్న సీసాలో నిండుగా పోసి, మూత బిగించి, రంగు పేరు, తేదీ రాసి దాచి ఉంచండి. పరీక్ష చేసిన చెక్కముక్కను కూడా, వెనుక వరుస రాసి, ఆ సీసా పక్కనే పెట్టండి.